అత్తయ్యగారు చేసే రోజ్ వాటర్ బాబు కళ్ళల్లో వేస్తున్నారు, ఎలా ఆపాలి?

రాజమండ్రి నుంచి ఒకావిడ రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తున్నాను.

ఈవిడకి ముప్పై రెండేళ్ళు. ఇంట్లో భర్త, ఆరేళ్ళ బాబు, అత్తయ్యగారు ఉంటారు. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు బాగా కుంగిపోయి ఎవరితోనూ మాట్లాడేవారు కాదట, కొడుకు కడియం నర్సరీ నుంచి నాలుగు గులాబీ మొక్కలు తెచ్చిస్తే వాటితో మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టారట. ఇప్పుడు మేడంతా కుండీలే. ఆ పూలు, అవి చాలకపోతే దేవుడి పటాలకి వేసి తీసిన దండల్లోని గులాబీలు, అన్నీ కలిపి రేకులు దూసి నీళ్ళల్లో మరగబెట్టి వడకట్టి పాత కూల్ డ్రింక్ సీసాల్లో పోసి ఇంటిల్లిపాదికీ ఇస్తారు. మొహానికి అదే, పాయసంలోకి అదే, బాబు ఫోన్ చూసి కళ్ళు ఎర్రగా అయితే రాత్రి పడుకోబెట్టేటప్పుడు దూదితో కళ్ళల్లో పిండేది కూడా అదే. ఈవిడకి మొహం మండి దద్దుర్లు వచ్చాయి. ఒక సీసాలో తెల్లగా దారాల్లాంటివి తేలుతూ పుల్లటి వాసన వస్తుంటే పారబోశారు, అది అత్తయ్యగారి కంట పడి ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదట. భర్తేమో "అమ్మ ప్రేమగా చేస్తోంది, పూలే కదా, ఏమవుతుంది" అంటున్నారు. గొడవెందుకులే అని ఈవిడ కొట్లో ఒక రోజ్ వాటర్ సీసా కొని పాయసంలో వేస్తే, తర్వాత చూసుకుంటే దాని మీద పైపూతకి మాత్రమే అని ఉంది. ఇప్పుడు చుట్టాలు "మాకూ ఇవ్వండి, డబ్బులిస్తాం" అంటుంటే అత్తయ్యగారికి అమ్ముదాం అన్న ఆశ పుట్టింది. "నేను చెడ్డ కోడలిని అవ్వకుండా ఇది ఎలా ఆపాలి? అసలు రోజ్ వాటర్ మంచిదా కాదా?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో కళ్ళ సంగతి, మొహం సంగతి, వంట సంగతి, పెద్దావిడ మనసు, అమ్మకం అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకే జవాబు కావాలనుకుంటున్నారు కాబట్టి అయితే మొత్తం ఆపాలి లేకపోతే మొత్తం భరించాలి అన్నట్టు కనపడుతోంది మీకు. విడదీసి చూస్తే నిజంగా ఆపాల్సింది ఒక్కటే, మిగతావి కొంచెం మారిస్తే సరిపోతాయి.

ఆపాల్సింది కళ్ళల్లో వెయ్యడం. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీకు ఇలా అయినా చెయ్యొచ్చు అలా అయినా చెయ్యొచ్చు అని చెప్పలేను. కంట్లో వేసే ఏ చుక్కైనా సూక్ష్మక్రిములు లేకుండా స్టెరైల్ గా తయారవ్వాలి, సీల్ చేసి ఉండాలి, సీసా తెరిచాక ఇన్ని రోజుల్లోపే వాడాలి అని లెక్క ఉంటుంది. మరగబెట్టిన నీళ్ళే కదా, క్రిములు చచ్చిపోతాయి కదా అని మీ ఆయన అనొచ్చు. మరిగేటప్పుడు చస్తాయి, నిజమే, కానీ తర్వాత వడకట్టిన గుడ్డ, గరాటు, పాత సీసా, రోజూ ముంచే దూది, వీటి నుంచి మళ్ళీ వస్తాయి. పైగా ఆ నీళ్ళల్లో రేకుల నుంచి దిగిన చక్కెరలు ఉంటాయి, వాటికి తిండి కూడా మనమే పెట్టినట్టు అవుతుంది. మీరు చూసిన తెల్లటి దారాలు అదే, బూజు. అది కళ్ళకి కనపడింది కాబట్టి పారబోశారు, కానీ నీళ్ళు తేటగా ఉన్నప్పుడు కూడా బాక్టీరియా ఉండొచ్చు. కంట్లో చిన్న గీత ఉండి దాని మీద అలాంటి నీళ్ళు పడితే నల్లగుడ్డు మీద పుండు దాకా వెళ్ళే ప్రమాదం ఉంది.

అత్తయ్యగారు "మా చిన్నప్పుడు వేసేవాళ్ళు" అంటారు. అదీ అబద్ధం కాదు, యునానీ వైద్యంలో గులాబీ అర్కుని, అంటే ఆవిరి పట్టి తీసిన గులాబీ నీటిని, కళ్ళకి వాడే పద్ధతి ఉంది. ఇప్పటికీ గులాబీ నీరు కలిసిన కంటి చుక్కలు మందుల షాపుల్లో దొరుకుతాయి, కానీ అవి స్టెరైల్ గా చేసి సీల్ వేసినవి, కూల్ డ్రింక్ సీసాలోంచి వచ్చినవి కాదు. బాబుకి కళ్ళు ఎందుకు ఎర్రబడుతున్నాయో ముందు తెలియాలి కదా, ఎలర్జీ అవ్వొచ్చు, సైట్ ఉండి కళ్ళు నలుపుకోవడం అవ్వొచ్చు, ఇన్ఫెక్షన్ అవ్వొచ్చు. ఒకసారి కంటి డాక్టర్ కి చూపించండి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, పుసి, మసకగా కనపడటం, వీటిల్లో ఏది ఉన్నా ఆరోజే వెళ్ళాలి. మందుల షాపులో అడిగి ఏదో ఒక డ్రాప్స్ తెచ్చి మీ అంతట మీరు వెయ్యకండి, వాటిల్లో కొన్ని స్టెరాయిడ్ వి ఉంటాయి, డాక్టర్ చూడకుండా ఎక్కువ రోజులు వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది.

ఇది ఆవిడకి ఎవరు చెప్పాలి? మీరే చెప్పొచ్చు, కానీ సీసా పారబోసిన గాయం ఇంకా పచ్చిగా ఉంది, మీ నోటి నుంచి వస్తే కళ్ళ గురించి అని కాకుండా తన గురించి అన్నట్టు వినపడే అవకాశం ఉంది. మీ ఆయన చెప్తే కొడుకు మాటగా వింటారు, కాకపోతే ఆయనకే ఇంకా నమ్మకం లేదు కాబట్టి "నీ కోడలు వద్దంటోంది" అని చెప్పేసి చేతులు దులుపుకుంటే పరిస్థితి ఇప్పటికన్నా పాడవుతుంది, అందుకని పైన రాసింది ఆయన చేత చదివించాకే పంపండి. మూడోది, డాక్టర్ దగ్గరికి అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళడం. నాకు ఇదే మేలనిపిస్తోంది, ఒక్క జాగ్రత్తతో. కొందరు డాక్టర్లు "ఎవరమ్మా ఇలాంటివి పోసింది" అని అందరి ముందూ కసురుతారు, ఆవిడ మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. మీరే ముందు "ఇంట్లో చేసిన రోజ్ వాటర్ చల్లగా ఉంటుందని వేశాం డాక్టర్ గారూ, వెయ్యొచ్చా" అని అడగండి, వేశారు అనకుండా వేశాం అనండి. ఆవిడ పక్కన మీరు నిలబడినట్టు ఆవిడకి తెలుస్తుంది.

ఇంక ఆవిడ చేస్తున్న నీళ్ళ గురించి, నాకు ఇష్టమైన భాగం ఇదే.

రేకులు మరగబెట్టి వడకడితే వచ్చేది గులాబీ కషాయం. పన్నీరు, అంటే అసలు రోజ్ వాటర్, అది కాదు. పన్నీరు అంటే ఆవిరిని పట్టుకుని చల్లార్చి మళ్ళీ నీరు చేసింది. అన్నం ఉడికేటప్పుడు మూత తీస్తే లోపలివైపు నీటిబొట్లు ఉంటాయి చూడండి, గులాబీల గిన్నె మీద అలా చేరే బొట్లని పోగు చేస్తే అదీ అసలు పన్నీరు. ఉత్తరప్రదేశ్ లో కన్నౌజ్ అని ఊరు ఉంది, అక్కడ అత్తరు పనికి 2014 లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్ళూ వేసి మూత చుట్టూ బంకమట్టి మెత్తి కింద మంట పెడతారు, ఆవిరి వెదురు గొట్టంలోంచి భప్కా అనే ఇంకో రాగి పాత్రలోకి పోతుంది, అది చల్లటి నీళ్ళ తొట్టిలో ఉంటుంది కాబట్టి ఆవిరి మళ్ళీ నీరైపోతుంది. ఆ నీటి మీద తేలే నూనె చాలా తక్కువ, కిలో గులాబీ నూనె రావాలంటే దాదాపు 3,000 నుంచి 5,000 కిలోల పూలు కావాలి, అందుకే కొట్లో పదుల రూపాయల్లో దొరికే రోజ్ ఆయిల్ అసలుది అవ్వడానికి వీల్లేదు. కానీ గులాబీ వాసనలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అని ఒక ముఖ్యమైన భాగం ఉంది, అది నీళ్ళల్లో బాగా కరుగుతుంది, కరిగి నీళ్ళల్లోనే ఉండిపోతుంది. అందుకే నూనె తీసేశాక మిగిలే నీళ్ళకి కూడా అంత మంచి వాసన ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే మీ ఇంట్లో జరిగినవి చాలావరకు అర్థమవుతాయి. ఆవిరి పట్టి తీసిన పన్నీరు నీళ్ళలా తేటగా ఉంటుంది, గులాబీ రంగు రాదు, ఎందుకంటే రంగు ఆవిరితో పైకి లేవదు. చక్కెరలు, పసరు కూడా లేవవు, అందుకని అది కషాయం కన్నా నెమ్మదిగా పాడవుతుంది. అసలు పాడవ్వదని కాదు, దానికీ ఫ్రిజ్ కావాలి. కషాయం రంగు బాగుంటుంది, వాసన తక్కువ, బయట పెడితే తొందరగా పులిసిపోతుంది. విటమిన్ ఇ క్యాప్సూల్ కలిపితే నెలలు నిలవ ఉంటుందని వీడియోల్లో చెప్తుంటారు కదా, అది నమ్మకండి, విటమిన్ ఇ నూనెలు ముక్కిపోకుండా చూస్తుందే కానీ నీళ్ళల్లో బాక్టీరియాని ఏమీ చెయ్యదు.

ఇప్పుడు అత్తయ్యగారితో ఏం చెయ్యొచ్చో చూద్దాం.

ఒక దారి, ఏమీ అనకుండా మీ వాటా మీరు తీసుకుని వాడకుండా పారబోయడం. గొడవ ఉండదు, కానీ ఒకసారి దొరికిపోయారు, రెండోసారి దొరికితే ఇంక మీరు ఏం చెప్పినా నమ్మరు, పైగా బాబు సంగతి అలాగే ఉంటుంది.

ఇంకో దారి, చెయ్యడం ఆపమనకుండా చేసే పద్ధతి మార్పించడం. "అత్తయ్యా, కన్నౌజ్ లో ఇలా చేస్తారంట, మనం ఒకసారి చూద్దామా" అని మీరే పక్కన కూర్చోండి. పెద్ద స్టీల్ గిన్నె, మధ్యలో ఒక స్టీల్ స్టాండు, దాని చుట్టూ రేకులు, రేకులు మునిగేంత నీళ్ళు, స్టాండు మీద ఖాళీ గిన్నె, పైన మూత బోర్లించకుండా వెల్లకిలా పెట్టాలి, అంటే మధ్య గుబ్బ కిందకి రావాలి. మూత మీద ఐసు ముక్కలు. సన్నటి మంట మీద ఉంచితే ఆవిరి మూతకి తగిలి చల్లారి గుబ్బ కొస నుంచి మధ్య గిన్నెలోకి బొట్లు బొట్లుగా పడుతుంది. ఐసు కరిగినకొద్దీ తీసి మళ్ళీ వెయ్యాలి, అడుగున నీళ్ళు ఇగిరిపోయి రేకులు మాడకుండా చూసుకోవాలి, మాడితే ఆ వాసన మొత్తానికి పట్టేస్తుంది. ముందు వచ్చే నీళ్ళకే వాసన ఎక్కువ, వాసన తగ్గుతోందనిపించినప్పుడు ఆపేయండి. గాజు సీసాని మరిగే నీళ్ళల్లో ఉడికించి పూర్తిగా ఆరబెట్టి అందులో పొయ్యండి, తేదీ రాసి ఫ్రిజ్ లో పెట్టండి, చిన్న చిన్న సీసాలైతే మంచిది. సీసాలో దూది ముంచకూడదు, చేతిలోకి ఒంపుకోవాలి. మబ్బుగా అయినా, తీగలు తేలినా, వాసన మారినా పారబొయ్యాలి, ఈసారి ఆ రూలు ఆవిడే పెట్టేలా చూడండి. ప్రెషర్ కుక్కర్ కి పైపు తగిలించే పద్ధతి కూడా వీడియోల్లో ఉంది, రేకులు అడ్డుపడి ఆవిరి పోయే దారి మూసుకుపోతే ప్రమాదం, దాని జోలికి వెళ్ళొద్దు. ఈ పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే గంపెడు రేకులకి వచ్చేది కాస్తే, గ్యాస్ కూడా ఖర్చవుతుంది, సీసాలకి సీసాలు నింపే అలవాటున్న ఆవిడకి మొదట్లో ఇంతేనా అనిపిస్తుంది. మూత తీసినప్పుడు వచ్చే వాసన ఆ మాట మర్చిపోయేలా చేస్తుందని నా నమ్మకం, పువ్వు మంచిదైతే.

పువ్వు మంచిదవ్వడం అనేది ఇక్కడ పెద్ద విషయం. నర్సరీల్లో అమ్మే పెద్ద పెద్ద అంటు గులాబీల్లో చాలావాటికి రంగే తప్ప వాసన పెద్దగా ఉండదు. కన్నౌజ్ లో వాడేది డమాస్క్ గులాబీ, చిన్న పువ్వు, లేత గులాబీ రంగు. మన వైపు నాటు గులాబీ అనో పన్నీర్ రోజా అనో దొరికే వాసన పువ్వు ఉంటుంది, అత్తయ్యగారికి ఈసారి అలాంటి మొక్క తెచ్చివ్వండి, చీర కన్నా ఎక్కువ సంతోషపడతారు. కొత్తగా తెచ్చిన మొక్కకి నర్సరీలో ఏ మందు కొట్టారో మనకి తెలీదు, అందుకని మొదట పూసిన పూలు దేవుడికే పెట్టి, మీ ఇంట్లో మందు లేకుండా పెరిగాక పూసినవే నోట్లోకి, ఒంటికీ వాడండి. దండల్లో పూలు మాత్రం అసలు వద్దు. మార్కెట్ పూలు తినడానికి పండించినవి కావు, వాటి మీద పురుగుమందు ఉండే అవకాశం ఎక్కువ. ఈ మాట చెప్పడం తేలికే, "దేవుడికి పెట్టినవి ఉడకబెట్టడం ఎందుకు అత్తయ్యా, మొక్క మొదట్లో వేసేద్దాం" అనండి, ఆవిడ కాదనరు.

మొహం సంగతి. మీకు మండింది కషాయం పాడవ్వడం వల్ల కావొచ్చు, పూల మీద మందు వల్ల కావొచ్చు, లేదా గులాబీ వాసనే మీ చర్మానికి పడకపోవచ్చు. గులాబీలో ఉండే జెరానియాల్, సిట్రొనెల్లాల్ కొందరికి ఎలర్జీ చేస్తాయి, సహజమైనదైనా సరే. దద్దుర్లు పూర్తిగా తగ్గేదాకా ఏమీ రాయకండి, తగ్గకపోతే స్కిన్ డాక్టర్ కి చూపించండి. తగ్గాక మంచి పన్నీరు ముంజేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూడండి, ఏమీ కాకపోతేనే మొహానికి. పడకపోతే నిష్టూరం అక్కర్లేదు, "నాకు పడట్లేదు అత్తయ్యా, మీ అబ్బాయికి ఇవ్వండి" అంటే సరిపోతుంది. అది రాయకపోతే మీరు పోగొట్టుకునేది కూడా పెద్దగా లేదు. చల్లగా ఉంటుంది, వాసన బాగుంటుంది, శనగపిండో ముల్తానీ మట్టో కలుపుకోవడానికి బాగుంటుంది. మచ్చలు పోగొట్టదు, తెల్లబరచదు, ఒక్కటే రాసి వదిలేస్తే ఆరిపోయాక చర్మం ఇంకా పొడిగా అనిపిస్తుంది, పైన మాయిశ్చరైజర్ ఉండాల్సిందే.

కొన్న సీసా పాయసంలో వేశారని కంగారు పడుతున్నారు. ఒకసారి ఒక స్పూను వేసినదానికి, తిన్నవాళ్ళకి ఏమీ కాకపోతే భయం లేదు, మళ్ళీ మాత్రం వెయ్యొద్దు. పైపూత సీసాల్లో ప్రిజర్వేటివ్ లు, సెంటు కలుపుతారు, తినడానికి కాదు. వంటకి కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉన్నాయా చూడండి. రోజ్ ఎసెన్స్, రోజ్ సిరప్ ఇవి వేరే, ఎసెన్స్ అయితే రెండు చుక్కలు ఎక్కువైనా పాయసం సబ్బు వాసన వస్తుంది. అసలు పన్నీరైనా పొయ్యి మీద ఉండగా వేస్తే వాసనంతా ఆవిరితో పోతుంది, దించి కాస్త చల్లారాక గిన్నెడు పాయసానికి ఒక చిన్న స్పూనుతో మొదలుపెట్టండి. గులాబ్ జామూన్ పాకం, డబుల్ కా మీఠా, సబ్జా గింజల షర్బత్ దీనికి సరైన చోట్లు. బిర్యానీకైతే నా ఓటు మొగలిపువ్వు నీళ్ళకే, కేవ్డా వాటర్ అని అమ్ముతారు, శ్రీకాకుళం దాటగానే వచ్చే గంజాం జిల్లా దానికి పేరు.

చివరిది అమ్మకం. చుట్టాలకి ప్రేమగా ఒక సీసా ఇవ్వడం వేరు, డబ్బు తీసుకోవడం వేరు. మొహానికి రాసుకునేది అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్స్ కావాలి, అది వంటింట్లో కూర్చుని చేసే పనికి అందేది కాదు. లైసెన్స్ లేకుండా అమ్మి రేపు ఎవరికో మీకు వచ్చినట్టే దద్దుర్లు వస్తే మాట పడేది ఆవిడ. వద్దని చెప్తే ఆశ మీద నీళ్ళు చల్లినట్టవుతుంది అంటారా, అయితే గుల్కంద్ చేయించండి. మందు కొట్టని వాసన గులాబీల రేకులు కడిగి తడి పూర్తిగా ఆరబెట్టి, గాజు సీసాలో ఒక వరస రేకులు ఒక వరస పంచదార వేస్తూ నింపి, మూతపెట్టి కొన్ని వారాలు ఎండలో పెడుతూ రోజూ కలపడమే. పంచదార ఎక్కువ ఉండటం వల్ల బూజు పట్టదు, తడి స్పూను పెట్టకపోతే నెలలు నిలవుంటుంది. ఇది తినే వస్తువు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఇంటి నుంచే అమ్ముకోవచ్చు. ఆవిడ పేరు మీదే చేయించండి, ఫారం నింపే పని మీ ఆయనకి అప్పజెప్పండి. ముందు ఒక్క సీసా చేసి, అడిగిన ఆ చుట్టాలకి ఊరికే రుచి చూపించి, వాళ్ళు మళ్ళీ అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.